కొత్తగా వచ్చిన ఆర్కిడ్‌ని వెంటనే లెకా బంతుల్లోకి మార్చేయొచ్చా?

ప్రశ్న: సంక్రాంతికి వారం ముందు ఆన్‌లైన్లో ఒక ఫెలనాప్సిస్ ఆర్కిడ్ తెప్పించాను. కాలింపాంగ్ వైపు నర్సరీ నుంచి 5 రోజులు ప్రయాణం చేసి వచ్చింది. తెల్ల పూలు, ఒకే కాడకి 7 విచ్చుకుని ఉన్నాయి, 3 మొగ్గలు. చిన్న ప్లాస్టిక్ కుండీలో నాచు గట్టిగా కుక్కి పంపారు. పండక్కి ఊరెళ్లి 6 రోజులకి తిరిగొచ్చేసరికి 2 మొగ్గలు రాలిపోయి ఉన్నాయి, అడుగు ఆకు మెత్తబడింది. సెమీ హైడ్రోపోనిక్స్ పద్ధతిలో, అంటే మట్టి లేకుండా అడుగున కాసిని నీళ్లు నిలిపి పెంచితే, వారం దాకా నీళ్ల సంగతి చూసుకోనక్కర్లేదని వీడియోల్లో చెబుతున్నారు. ఒక సంచీ లెకా బంతులు (కాల్చి ఉబ్బించిన మట్టి ఉండలు), ఒక గాజు జాడీ కొనేశాను కూడా. మా ఆయనేమో వచ్చినదాన్ని వచ్చినట్టే ఉంచమంటారు. మా అత్తగారు పుల్ల మజ్జిగ పొయ్యమంటారు. మాది బోరు నీళ్లు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) 850 చూపిస్తోంది. ఇప్పుడే మార్చేయనా? అన్నట్టు, రెండో ఆకు మొదట్లో ఆకుపచ్చ బుడిపె ఒకటి పొడుచుకొస్తోంది. అది వేరో, ఇంకో పూలకాడో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

సమాధానం: ముందు మీ ఇంట్లో తగువు తీర్చేస్తానమ్మా. మీరు చెప్పింది సగం రైటు, మీ వారు చెప్పింది సగం రైటు. మజ్జిగ మాత్రం కరివేపాకు చెట్టుకి పోసేయండి. దానికి మంచిదే, అత్తగారి మాటా నిలబడుతుంది. ఆర్కిడ్ వేళ్లలో పోస్తే రెండు రోజుల్లో పులిసి కంపు కొడుతుంది, చిన్న చిన్న దోమల్లాంటి పురుగులు చేరతాయి. లెకాలో ఆ మజ్జిగని అరిగించుకునే మట్టి ఉండదు కదా. బియ్యం కడిగిన నీళ్లకీ ఇదే మాట.

ఇక అసలు సంగతి. ఇప్పుడే మార్చకండి. మార్చడం తప్పని కాదు, లెకాలో ఫెలనాప్సిస్ బ్రహ్మాండంగా పెరుగుతుంది. మా ఇంట్లో ఉన్నవాటిలో సగం దాంట్లోనే ఉన్నాయి. కానీ మార్చే రోజుని మనం పెట్టుకోకూడదు, మొక్క పెట్టాలి. కొత్త వేరు మొలక కనపడ్డ రోజే ఆ ముహూర్తం. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట మీరు చివర్లో "అన్నట్టు" అని తగిలించారు చూడండి, ఆ బుడిపె. దాని దగ్గరికి వస్తాను.

మీరు లెకాకి మారాలనుకోవడానికి కారణం ఊరెళ్లినప్పుడు నీళ్లు లేక మొక్క బాధపడిందని కదా. నాకు అలా అనిపించడం లేదు. ఫెలనాప్సిస్ చెట్ల కొమ్మల మీద, గాలిలో వేలాడే వేళ్లతో బతకడం నేర్చిన మొక్క. దాని దళసరి ఆకే దాని నీళ్ల ట్యాంకు. మిగతా మొక్కల్లా పగలు ఆకు రంధ్రాలు తెరుచుకుని నీళ్లు పోగొట్టుకోదు, రాత్రి చల్లబడ్డాక తెరుచుకుంటుంది. జనవరి నెలలో, తడి నాచులో ఉన్న మొక్క 6 రోజులకి ఎండిపోవడం జరగని పని. మొగ్గలు రాలింది ప్రయాణం బడలికకి. 5 రోజులు చీకటి డబ్బాలో కుదుపులు, తర్వాత ఒక్కసారిగా కొత్త వెలుతురు, కొత్త గాలి. కొత్తగా వచ్చిన పది మొక్కల్లో అయిదారింటికైనా ఇలా మొగ్గలు రాలడం చూశాను. పండగ ఇల్లు కాబట్టి పక్కనే అరటిపళ్ల గెల గానీ పెట్టారేమో చూసుకోండి. పండే పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి ఆర్కిడ్ మొగ్గలు టపటపా రాలతాయి.

నన్ను ఆలోచనలో పడేసింది మెత్తబడిన ఆకు. ఆకు వాడిందంటే నీళ్లు చాలలేదని అందరూ అనుకుంటారు, ఇంకాస్త పోస్తారు. నాచులో ఉన్న ఫెలనాప్సిస్ విషయంలో చాలాసార్లు ఇది తలకిందులుగా ఉంటుంది. నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లాయి, వేళ్లు లేక నీళ్లు తాగలేకపోతోంది, తాగలేక ఆకు వాడింది. బిందె నిండా నీళ్లున్నా గొంతు పూడుకుపోతే ఏం లాభం? అందుకే "వచ్చినదాన్ని వచ్చినట్టే ఉంచు" అన్న మీ వారి మాటతో పూర్తిగా ఏకీభవించలేను. ఒకసారి లోపల చూడాల్సిందే.

ఈ ఆదివారం కుండీని పక్కకి వంచి, ప్లాస్టిక్‌ని అన్నివైపులా మెల్లిగా నొక్కి, మొక్కని మొత్తంగా ముద్దతో సహా బయటికి జార్చండి. పూలకాడ విరగకుండా ఇంకొకరిని పట్టుకోమనండి. పైపైన ఉన్న వేళ్లు గట్టిగా, వెండి రంగులోనో ఆకుపచ్చగానో కనపడితే అప్పుడే సంతోషించకండి. వేళ్ల గుత్తి నడిమధ్యలో, కాండం కిందుగా వేలు పెట్టి తడమండి. అక్కడ నిమ్మకాయంత నాచు ఉండ గట్టిగా బిగిసి ఉంటుంది. టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో మొక్కలు పెంచే పద్ధతి) సీసాలోంచి తీసిన పిల్ల మొక్కని మొట్టమొదట నాటిన ఉండ అది. మొక్క పెరిగి పెద్దదై కుండీలు మారినా ఆ ఉండని ఎవరూ తియ్యరు. చుట్టూ ఉన్న నాచు ఆరినా అది మాత్రం పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. కుళ్లు మొదలయ్యేది అక్కడే. కొన్నిటికి ఆ ఉండ చుట్టూ ప్లాస్టిక్ జల్లెడలాంటి చిన్న బుట్ట కూడా ఉంటుంది.

వేరు బాగుందో లేదో రంగుని బట్టి తేల్చకండి. నాచు మరకలు పట్టి గోధుమ రంగులోకి తిరిగిన వేరు కూడా చక్కగా బతికే ఉండొచ్చు. రెండు చేతివేళ్లతో నొక్కి చూడండి. బతికున్న వేరు పచ్చి బీన్స్ కాయలా గట్టిగా ఎదురు నిలబడుతుంది. చచ్చిన వేరు నొక్కితే నీళ్లు కక్కుతుంది, కాస్త లాగితే పైతొడుగు జారి చేతికొచ్చి లోపల సన్నటి దారం మిగులుతుంది. ఆ తొడుగునే వెలమెన్ అంటారు. నిజానికి అది చనిపోయిన కణాల పొర, స్పాంజిలా పనిచేస్తుంది. ఎండినప్పుడు గాలి నిండి వెండిలా మెరుస్తుంది, నీళ్లు తగిలిన నిమిషంలో తాగేసి లోపలి పచ్చదనం కనపడేలా పారదర్శకంగా అయిపోతుంది. పూజగదిలో కొత్త వత్తిని నూనెలో వేసినప్పుడు ఎలా రంగు మారుతుందో అచ్చం అలాగే. ఎప్పుడైనా ఎండిన వేరు మీద చెంచాడు నీళ్లు పోసి చూడండి. ఇన్నేళ్లు వచ్చినా నేను ఆగి చూస్తాను.

చూశాక రెండు దారులు. నాలుగైదు గట్టి వేళ్లు ఉండి, మధ్య ఉండలో కంపు లేకపోతే, మొత్తం మళ్లీ అదే కుండీలో పెట్టేసి పూలు చూసి ఆనందించండి. కుండీని చేత్తో ఎత్తి చూసి, తేలిగ్గా అనిపించినప్పుడే నీళ్లు పొయ్యండి. ఈ చలిలో అది ఏడెనిమిది రోజులకి ఒకసారి రావచ్చు. అలా కాక సగానికి పైగా వేళ్లు కుళ్లితే పూల మీద ఆశ వదులుకోవాలి. పూలకాడని మొదట్లో కోసి నీళ్ల గ్లాసులో పెట్టుకోండి, అలాగైనా కొన్నాళ్లు నిలుస్తాయి. నాచంతా తీసేసి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, ఒక పూట నీడలో ఆరనిచ్చి, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి నానబెట్టిన కొబ్బరి డొప్ప ముక్కలు, బొగ్గు ముక్కలు కలిపి, అడుగున బాగా రంధ్రాలున్న కుండీలో పెట్టండి. అప్పుడు కూడా లెకా నీళ్లలోకి వద్దు. జబ్బు మనిషిని లేపి ఇల్లు మార్పించినట్టు ఉంటుంది.

ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. ఆర్కిడ్ వేరు తాను పుట్టిన చోటుకి తగ్గట్టు తయారవుతుంది. వదులుగా ఉన్న బెరడు ముక్కల మధ్య పెరిగిన వేరు గాలికి అలవాటుపడి ఉంటుంది, తడి నాచులో పెరిగిన వేరు ఆ తేమకి. ఒకసారి తయారయ్యాక అది తన ఒంటి తీరు మార్చుకోలేదు. ఎప్పుడూ తడిగా ఉండే లెకా బంతుల మధ్య పెడితే పాత వేళ్లు కొన్ని వారాల్లో ఒక్కొక్కటీ చేతులెత్తేస్తాయి. మొక్కకి అదేమీ చావు కాదు, కొత్త వేళ్లు ఆ సరికి పని అందుకుంటే. లెకాలోనే పుట్టి లెకాలోనే పెరిగిన వేరు నీళ్లలో మునిగి ఉన్నా హాయిగా ఉంటుంది. అంటే మనం చేసేది కుండీ మార్చడం కాదు, పాత వేళ్ల జట్టుని పంపించి కొత్త జట్టుని దింపడం. కొత్త జట్టు గేటు దగ్గరికి రాకముందే పాతవాళ్లని పంపించేస్తే పని చేసేవాళ్లెవరు?

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మొదటిసారి లెకా తెచ్చుకున్నప్పుడు డిసెంబరు నెల. మీలాగే పూలతో వచ్చిన తెల్ల ఫెలనాప్సిస్, మీలాగే గాజు జాడీ. ఆ సాయంత్రమే మార్చేసి హాల్లో టీపాయ్ మీద పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించాను. రెండు వారాలు పూలు చెక్కుచెదరలేదు. అదే మోసం. మొక్క తన ఆకుల్లో దాచుకున్న నీళ్లతో పూలని మోస్తోంది. మూడో వారం ఆకులు పాత తోలు చెప్పుల్లా వేలాడాయి. ఎత్తి చూస్తే బంతుల మధ్య వేళ్లు ఉడికిన సేమ్యాలా ఉన్నాయి, జాడీ మూతి దగ్గర మురుగు వాసన. కొత్త వేరు ఒక్కటి లేదు. ఆ చలిలో ఎలా వస్తుంది?

చలి మాట వచ్చింది కాబట్టి చెప్తాను, లెకా చలిని ఇంకాస్త పెంచుతుంది. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు. లెకా కూడా కాల్చిన మట్టే, కొలిమిలో పేలాల్లా ఉబ్బిన మట్టి ఉండలు. ఒళ్లంతా సన్న రంధ్రాలు, అందులోంచి నీళ్లు ఆవిరవుతూ వేళ్లని గదికన్నా చల్లగా ఉంచుతాయి. ఎండాకాలంలో అది వరం. హైదరాబాదులో రాత్రి 14, 15 డిగ్రీలకి దిగే రోజుల్లో శాపం. ఫెలనాప్సిస్ వేళ్లకి 18 దాటితేనే హుషారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారుగా, అందాకా ఆగండి. ఫిబ్రవరి చివర్లో, మార్చిలో ఎండ కాస్త ముదరగానే ఈ మొక్కలు కొత్త ఆకు, కొత్త వేరు వెయ్యడం మొదలుపెడతాయి. మీ పూలు కూడా ఆ సరికి ముగింపుకి వస్తాయి. ఒకవేళ మార్చి దాటినా మొలక రాలేదంటే ఏప్రిల్, మే వడగాడ్పుల్లో తొందరపడకండి. మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాక మార్చండి. గాలిలో తేమ ఉన్న ఆ రోజుల్లో ఫెలనాప్సిస్‌కి ఏం చేసినా తట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ వైపు ఉండే పాఠకులకి గాలి తేమ బెంగ ఎలాగూ లేదు. వాళ్లు మొలకని చూసుకుంటే చాలు.

ఇప్పుడు మీ బుడిపె. భూతద్దం ఉంటే తీసుకోండి, లేకపోతే ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. కొన గుండ్రంగా, మొద్దుగా, అన్నివైపులా నున్నగా, తడిసినట్టు మెరుస్తూ ఉంటే అది వేరు. పచ్చగా గానీ ముదురు ఎరుపు కలిసి గానీ ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ కొన మాత్రం పచ్చగా ఉండి వెనక భాగం వెండి రంగులోకి తిరుగుతుంది. అలా కాక కొన చదునుగా, చిలక ముక్కులా ఒక పక్కకి వాలి, మీద చిన్న పొర కప్పినట్టు గీత కనపడితే అది పూలకాడ. పది రోజుల తర్వాత వేరు కిందకో పక్కకో పోతుంది, పూలకాడ వెలుతురు వైపు పైకి లేస్తుంది. అది వేరు అని తేలితే, పెసరగింజ స్థాయి దాటి చిటికెన వేలి గోరంత అయ్యేదాకా ఉన్న ఆ కొద్ది రోజులే మార్చడానికి మంచి అదును. అంతకన్నా పొడుగైతే బంతులు సర్దేటప్పుడు కొన విరుగుతుంది. ఒక్క మొలకతో కంగారుపడకండి. చలికాలంలో ఒకటి పొడుచుకొచ్చి ఆగిపోవడం మామూలే. ఎండ తిరిగాక రెండు మూడు కలిసి వస్తాయి, అప్పుడు దిగండి.

ఈలోపు సరంజామా సిద్ధం చేసుకోవచ్చు. గాజు జాడీని పక్కన పెట్టండి. దానికి రంధ్రం ఉండదు కాబట్టి నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో మీ చేతిలో ఉండదు, ఉప్పు కడిగేయడం కుదరదు. మీకు కావలసింది బిర్యానీ పార్సిల్ వచ్చే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా. అర లీటరుదో ముప్పావు లీటరుదో, కాస్త పారదర్శకంగా ఉంటే మరీ మంచిది. అడుగు నుంచి 2.5 సెంటీమీటర్ల ఎత్తున, ఒకే పక్కన, అంగుళం ఎడంతో రెండు రంధ్రాలు. దబ్బనం స్టవ్ మీద ఎర్రగా కాల్చి పొడిచి, తిప్పుతూ పెన్సిల్ మందాన పెద్దవి చేస్తే సరిపోతుంది. కిటికీ తెరిచి చెయ్యండి, ప్లాస్టిక్ పొగ పీల్చకండి. అడుగున మాత్రం ఒక్క చిల్లి కూడా ఉండకూడదు. రంధ్రాల కింద నిలిచే ఆ కాసిన్ని నీళ్లే చెరువు. పైనున్న బంతులు ప్రమిదలో వత్తిలా ఆ నీళ్లని పైకి లాక్కుంటాయి, బంతుల మధ్య ఖాళీల్లో గాలి ఆడుతుంది. ఈ పద్ధతి కిటుకంతా ఆ ఖాళీల్లోనే ఉంది. వేరు నీళ్లెక్కువై చావదు, గాలాడక చస్తుంది. నాచు చివికి ముద్దయితే గాలి పోతుంది. మట్టి బంతి చివకదు, పదేళ్లయినా అంతే ఉంటుంది. అందుకే బంతులు మరీ చిన్నవి కాకుండా 8 నుంచి 16 మిల్లీమీటర్ల మధ్యవి అయి ఉండాలి. డబ్బా ఎత్తు 12 సెంటీమీటర్లు దాటొద్దు. మన ఎండలకి అంతకన్నా పైకి తడి ఎక్కేలోపే ఆరిపోతుంది.

సంచీలోంచి తీసిన బంతుల్ని అలాగే పోసేయకండి. కాఫీ రంగు ధూళి ఉంటుంది, బియ్యం కడిగినట్టు నీళ్లు తేరేదాకా కడగండి. డ్రైనేజీ గొట్టంలో మాత్రం పొయ్యకండి, అడుగున పేరుకుని మేస్త్రీని పిలిపిస్తుంది. తర్వాత ఒక రోజంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి ఇంకోసారి నానబెట్టండి. తేలేవి తేలనివ్వండి, వాటితో ఇబ్బంది లేదు.

మార్చే రోజు పనికి గంట పడుతుంది, అందులో ముప్పావు గంట నాచు తియ్యడమే. ముందు వేళ్లని ఓ పావుగంట నీళ్లలో నాననివ్వండి. ఎండిన వేరు పెళుసు, తడిసిన వేరు చెప్పినట్టు వంగుతుంది. చేత్తో వదులు చేసి, కుళాయి కింద సన్నటి ధారతో కడిగి, మధ్య ఉండని పట్టకారుతో పోగుపోగుగా లాగండి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. లెకాలో నాచు ఉండ మిగిలిపోతే అది ఎప్పటికీ ఆరదు, కాండాన్ని కుళ్లబెడుతుంది. వేరుకి అతుక్కున్న ఒకటి రెండు పోగుల కోసం వేరు చర్మం ఊడగొట్టొద్దు. కత్తెరని మంట మీద కాల్చండి, లేదా కొత్త బ్లేడు తీసుకోండి. ఆర్కిడ్‌లకి వైరస్‌లు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి కత్తెర మీదే ప్రయాణం చేస్తాయి. కోసిన చోట చిటికెడు దాల్చినచెక్క పొడి అద్దొచ్చు, అయితే కోత మీదే. మంచి వేళ్ల మీద జల్లితే వాటినీ ఎండబెట్టేస్తుంది.

డబ్బాలో రంధ్రాల పైదాకా బంతులు పోసి, మొక్కని నిలిపి, చుట్టూ బంతులు నింపండి. బొటనవేలితో కుక్కకండి, డబ్బాని పక్కల తట్టండి, అవే సర్దుకుంటాయి. పొడుగు పాత వేళ్లని నీళ్ల మట్టం కిందకి తోయకుండా చుట్టూ తిప్పి పైన ఉంచండి. కొత్త మొలకలు బంతులకి తగిలీ తగలనట్టు ఉండాలి, కాండం మొదలు బంతుల పైకి కనపడాలి. గాలిలోకి పోయిన వేళ్లని లోపలికి లాగొద్దు, అవి అలాగే బాగున్నాయి. చివరికి మొక్కని కదిపి చూడండి. ఊగుతుంటే ఒక పుల్ల గుచ్చి కట్టండి. ఊగే మొక్క కొత్త వేరు కొన బంతులకి రాసుకుని నల్లబడుతుంది. చాలామంది దీన్ని తెగులనుకుని మందు కొడతారు.

నీళ్ల దగ్గర నేను రాజీ పడను. 850 టీడీఎస్ నీళ్లు లెకాకి పనికిరావు. మట్టి కుండీలో అయితే ఏదోలా నెట్టుకొస్తుంది గానీ ఇక్కడ వత్తి పనే నీళ్లని పైకి లాగడం. నీళ్లు ఆవిరై పోతాయి, ఉప్పు పైన మిగిలిపోతుంది. నెల తిరిగేసరికి పై బంతులు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి, సరిగ్గా కొత్త వేరు పుట్టే చోట. మీ ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు వాడండి, ఈ ఒక్క మొక్కకి వారానికి లీటరు చాలు. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, బోరు నీళ్లకన్నా వాటిలో ఉప్పు ఎక్కువ. వానాకాలంలో డాబా బాగా కడిగాక పడే వాన నీళ్లు పట్టుకోండి, అంతకన్నా అమృతం లేదు. ఎండాకాలంలో ఏసీ నుంచి కారే నీళ్లు కూడా నేను వాడతాను.

ఆర్‌ఓ నీళ్లలో పోషకాలేవీ ఉండవు కాబట్టి ఎరువు తప్పదు, కానీ పలచగా. ఎరువుల కొట్లో దొరికే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్న ఎరువు) ఒక చదును టీ చెంచా, అంటే దాదాపు 5 గ్రాములు, లీటరు నీళ్లలో కరిగించి సీసాలో ఉంచుకోండి. అందులోంచి 50 మిల్లీలీటర్లు తీసి లీటరు నీళ్లలో కలిపితే పావు గ్రాము పడినట్టు. ఒక వారం ఇది. దాంట్లో కాల్షియం ఉండదు కాబట్టి మరుసటి వారం లీటరుకి అర గ్రాము కాల్షియం నైట్రేట్, పావు గ్రాము ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్). మూడు మందుల్ని చిక్కగా ఒకే సీసాలో కలపకండి, తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది. ఇంకొక్క మాట, టీడీఎస్ మీటరు చూసి ఎరువు ఎంత పడిందో తెలుసుకుందామనుకుంటే కుదరదు. 19:19:19లో నత్రజని చాలావరకు యూరియా రూపంలో ఉంటుంది, యూరియా ఆ మీటరు కంటికి కనపడదు. చెంచా లెక్కనే నమ్ముకోండి. మార్చిన మొదటి రెండు వారాలు మాత్రం ఎరువు లేకుండా ఉత్త ఆర్‌ఓ నీళ్లే.

నీళ్లు పోసే తీరు కూడా వేరు. చెరువు ఎండితే కాసిని కలపడం కాదు. సింకులో పెట్టి డబ్బా అంచుదాకా గబగబా నింపండి, రంధ్రాల్లోంచి కారిపోనివ్వండి. పాత నీళ్లు, పాత ఉప్పు బయటికి పోయి, దిగే నీళ్ల వెనకే కొత్త గాలి లోపలికి వస్తుంది. చలికాలంలోనూ వారానికి ఒకసారి ఇలా చెయ్యండి. దోమల సంగతి కూడా అందులోనే తీరిపోతుంది. ఆ రంధ్రాల్లోంచి దోమ లోపలికి దూరి గుడ్లు పెట్టినా, పిల్ల ఎగిరేలోపు మీరు నీళ్లు మార్చేస్తారు. డెంగీ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. మే నెలలో అయితే మూడు నాలుగు రోజులకే చెరువు ఇంకిపోవచ్చు, రంధ్రంలోంచి చూస్తే తెలుస్తుంది. అంటే ఎండాకాలంలో వారం ఊరెళ్తే లెకా మొక్కకి కూడా పక్కింటివాళ్లు కావాలి. వీడియోల్లో చెప్పే "వారం బెంగ ఉండదు" అన్నది మన ఎండలు చూడనివాళ్ల మాట.

మార్చాక నెల రోజులు మొక్క మిమ్మల్ని భయపెడుతుంది. అడుగు ఆకు పసుపు పడుతుంది, పాత వేళ్లు కొన్ని గోధుమ రంగుకి తిరుగుతాయి. ఎత్తి చూడాలనిపిస్తుంది. ఎత్తకండి. పారదర్శకమైన డబ్బా అన్నది అందుకే. గోడ పక్కన ఆకుపచ్చ కొన ఒకటి బంతుల మధ్య దారి వెతుక్కుంటూ కనపడితే పని అయిపోయినట్టే. నడి ఆకు, అంటే మొవ్వులోంచి వచ్చే ఆకు పసుపు పడినా, డబ్బా దగ్గర మురుగు వాసన వచ్చినా అప్పుడు మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, తీసి చూసి కుళ్లు కత్తిరించండి. నీళ్లు పోసేటప్పుడు మొవ్వులో పడితే పేపరు ముక్కతో అద్దేయండి. ఫెలనాప్సిస్‌కి ఉన్నది ఒకే మొవ్వు, అది కుళ్లితే పైకి పెరగడం ఆగిపోయినట్టే.

ఇంట్లో వేరే ఆర్కిడ్లు ఉంటే దీన్ని ఓ మూడు వారాలు వాటికి దూరంగా ఉంచండి. ఆకు అడుగున, ఆకు కాండాన్ని కలిసే సందులో పిండినల్లి ఉందేమో చూడండి, ఉంటే దూదికి సర్జికల్ స్పిరిట్ ముంచి తుడిస్తే పోతుంది. దీని ముచ్చట చూసి అన్నిటినీ లెకాలోకి దింపకండి. వాండా అనే ఇంకో రకం ఆర్కిడ్లకి ఉత్త చెక్కబుట్టే సుఖం. మన తూర్పు కనుమల అడవుల్లో చెట్ల మీద పెరిగే వాండాని చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. చలికాలంలో ఎండగట్టాల్సిన నోబిలె రకం డెండ్రోబియం ఆర్కిడ్లకి కూడా ఎప్పుడూ తడిగా ఉండే ఈ పద్ధతి నప్పదు.

గాజు జాడీ గురించి బాధపడకండి. అందులో అడుగున నాలుగు లెకా బంతులు వేసి, నీళ్లు పోసి మనీప్లాంట్ కొమ్మ పెట్టండి. వారం వారం నీళ్లు మారుస్తుంటే చాలు, నెలలోపే వేళ్లు దిగడం మొదలవుతుంది. శివరాత్రి వచ్చేలోపు మీ చేతులకి ఏదో ఒక పని ఉండాలి కదా.